అసిస్టెంట్ కూర్చునే వైపు నుంచి: ఎక్స్‌ట్రా ఓరల్ సక్షన్ యంత్రంతో ఐదేళ్లు

కోవిడ్ తరువాత పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లినవారు చెయిర్ పక్కన ఏనుగు తొండంలాంటి పెద్ద గొట్టం ఒకటి చూసే ఉంటారు. పళ్ల గార తీసే స్కేలింగ్ చేసేటప్పుడో, పన్ను అరగదీసేటప్పుడో దాని గరాటు మూతిని పేషెంటు గడ్డం దగ్గరికి తెచ్చి నిలబెడతారు. నోట్లోంచి పైకి లేచే తుంపరను అది లోపలికి లాగి, ఫిల్టర్ల గుండా పంపి, గాలిని కింది నుంచి బయటికి వదులుతుంది. దీన్నే ఎక్స్‌ట్రా ఓరల్ సక్షన్ అంటారు. విజయవాడ సూర్యారావుపేటలో ఉన్న మా రెండు చెయిర్ల క్లినిక్‌లో 2020 జూన్ నుంచి దీన్ని వాడుతున్నాము. కరపత్రాలు, వీడియోలు అన్నీ దీని గురించి పేషెంటు వైపు నుంచో, డాక్టరు వైపు నుంచో మాట్లాడతాయి. నేను మాత్రం అసిస్టెంట్ కూర్చునే వైపు నుంచి దీన్ని తూచదలచుకున్నాను. కోవిడ్ నడిచిన రెండేళ్లలో ఆ తుంపరకు డాక్టరునైన నాతో సమానంగా ముఖం ఒడ్డినది ఆమె. నేను కుర్చీ వదిలి వెళ్లాక కూడా అదే గదిలో ఉండి అన్నీ తుడిచి, కడిగి, మళ్లీ సర్దినదీ ఆమే. అయినా యంత్రం కొనేటప్పుడు ఆమె అభిప్రాయం నేను అడగలేదు.

ముందు ఆ రోజుల సంగతి కొంత చెప్పాలి. పన్ను అరగదీసే ఎయిరోటార్ నిమిషానికి 3 లక్షలకు పైగా చుట్లు తిరుగుతుంది. ఆ వేడికి పంటి లోపలి నరం దెబ్బతినకుండా అది తిరుగుతున్నంతసేపూ నీళ్లు చిమ్ముతూనే ఉంటుంది. ఆ నీరు లాలాజలంతోను, ఒక్కోసారి రక్తంతోను కలిసి, కొంత చుక్కలుగా మా మీద పడుతుంది, కొంత కంటికి కనిపించనంత సన్నగా గదిలో తేలుతుంది. చిగుళ్లు శుభ్రం చేసే స్కేలర్ సంగతీ అంతే. వైరస్ లాలాజలంలో ఉంటుందని తెలిసిన నాటి నుంచి మా వృత్తిలో ఉన్నవారికి కంటి మీద కునుకు లేదు. 2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలయ్యాక మేము ఫోనులోనే మందులు చెప్పి, దవడ వాచి జ్వరం వచ్చినవారిని మాత్రమే చూశాము. మే నెలలో కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ దంత వైద్యుల కోసం మార్గదర్శకాలు ఇచ్చింది: కంటైన్‌మెంట్ జోన్లలో క్లినిక్‌లు తెరవకూడదు, రెడ్ జోన్లలో అత్యవసర చికిత్సలే చేయాలి, పేషెంటును రప్పించే ముందే ఫోనులో వివరాలు అడగాలి, తుంపర లేపే పనులు వీలైనంత తగ్గించాలి. ఇంగ్లండులోనైతే మార్చి 25న మామూలు దంత చికిత్సలన్నీ ఆపేసి జూన్ 8న తిరిగి తెరిచారు; తెరిచాక కూడా తుంపర లేచే చికిత్స తరువాత గదిని గంటసేపు ఖాళీగా వదలమన్నారు. అద్దె గదుల్లో రెండు చెయిర్లతో నడిచే క్లినిక్‌కు గంటసేపు గది ఖాళీగా వదలడం ఎంత కష్టమో ఈ వృత్తిలో ఉన్నవారికి వేరే చెప్పనక్కరలేదు. యంత్రాలు అమ్మేవాళ్లు సరిగ్గా ఆ సమయంలోనే మా తలుపు తట్టారు.

యంత్రం పేరు ఇక్కడ రాయడం లేదు. పైన అంటించిన పేరు వేరైనా లోపల ఇదే తీరున ఉన్నవి నేను మరో మూడు క్లినిక్‌లలో చూశాను కనుక, నా మాటలు ఒక కంపెనీకే అంటగట్టడం న్యాయం కాదు. మేము పన్నులతో కలిపి 62 వేలు పెట్టి కొన్నాము. లోపల మొదట ముతక జాలీ, తరువాత హెపా ఫిల్టరు, ఆపైన యూవీ దీపం ఉన్నాయి. హెపా అంటే 0.3 మైక్రాన్ల రేణువులలో 99.97 శాతాన్ని పట్టే ఫిల్టరు. ఆ మాటలో అబద్ధం లేదు, కానీ అది ఫిల్టరు దాకా వచ్చిన గాలికి సంబంధించిన లెక్క. రాని గాలి మాటేమిటన్నదే అసలు ప్రశ్న.

అమ్మడానికి వచ్చిన కుర్రవాడు అగరుబత్తి వెలిగించి గరాటు మూతి ముందు పట్టుకున్నాడు. పొగ అంతా చెదరకుండా తాడులా పేనుకుని లోపలికి పోయింది. చూడడానికి ముచ్చటగా ఉంది. మా పెద్ద అసిస్టెంట్ దాన్ని ఫోనులో వీడియో తీసి కొండపల్లిలో ఉన్న తన అత్తగారికి పంపింది. ఆ పంపడం వెనుక ఉన్న బాధ నాకు ఆ రోజు తెలియలేదు. క్లినిక్ తెరిచారని తెలిసినప్పటి నుంచి ఇంటి ఓనరు గేటు దగ్గర ఆమెను ఆపి, "ఆ నోళ్ల దగ్గర పనిచేసి వచ్చి మా బోరు దగ్గర నీళ్లు పడతావా" అని అడుగుతున్నారట. నాలుగేళ్ల కూతుర్ని అమ్మమ్మగారింట్లో వదిలింది. సాయంత్రం పెరట్లోనే స్నానం చేసి, బట్టలు వేడినీళ్లలో నానబెట్టాక గానీ గడప తొక్కేది కాదు. "అత్తయ్యా, ఇదిగో చూడండి, మొత్తం ఇది లాగేస్తుంది" అని ఆ వీడియో కింద ఆమె రాసిందని చాలా రోజుల తరువాత నాకు చెప్పింది. యంత్రం చేసిన మొదటి మేలు అదే. అది పేషెంటుకూ నాకూ చేసిన మేలు కంటే పెద్దదని ఇప్పటికీ అనుకుంటాను. అయితే ఆ భరోసాకు యంత్రం ఎంతవరకు తగినదో తేల్చవలసిన బాధ్యత డబ్బు పెట్టి కొన్న నా మీద పడింది.

అగరుబత్తి పొగ మెల్లగా పైకి లేచేది; ఎయిరోటార్ చిమ్మే నీరు వేగంగా నలువైపులా దూసుకుపోయేది. కనుక ఆ ప్రదర్శన సరిపోదు. ఒక ఆదివారం మేమే ఒక పరీక్ష చేసుకున్నాము. స్కేలరు నీళ్ల సీసాలో మిఠాయిలలో వేసే కేసరి రంగు కలిపాము. చెయిర్‌లో పళ్ల మోడల్‌ను పెట్టి, అసిస్టెంట్ గుండెల మీద ఒకటి, ఫేస్ షీల్డుకు ఒకటి, పరికరాల ట్రే మీద ఒకటి తెల్ల కాగితాలు అంటించాము. మూడుసార్లు ఐదేసి నిమిషాల పాటు స్కేలరు నడిపాను. సక్షన్ ఏదీ లేకుండా నడిపినప్పుడు గుండెల మీది కాగితం మీద చుక్కలు లెక్కపెట్టడం మానేశాము. నోట్లో పెట్టే మామూలు హైవాల్యూమ్ సక్షన్ ఒక్కటే ఆమె పట్టుకున్నప్పుడు 41 చుక్కలు వచ్చాయి. దానికి తోడు ఈ యంత్రం కూడా పెట్టినప్పుడు 17. తరువాత గరాటును గడ్డం నుంచి జానెడు దూరం నుంచి రెండు జానల దూరానికి జరిపి మళ్లీ చేస్తే 38 వచ్చాయి, అంటే యంత్రం ఉన్నా లేనట్టే.

ఇది ప్రయోగశాలలో చేసిన పరీక్ష కాదు. కాగితం మీద పడేవి బరువైన చుక్కలే. గాలిలో తేలే సన్నని తుంపరను కాగితం పట్టలేదు. అయినా ఆ ఆదివారం మాకు రెండు విషయాలు కళ్లకు కట్టాయి. పనిలో ఎక్కువ భాగం చేస్తున్నది అసిస్టెంట్ చేతిలోని పాత సక్షనే. కొత్త యంత్రం దానికి తోడు మాత్రమే. రెండవది, గరాటు జానెడు లోపల ఉంటేనే అది తోడు. కరపత్రంలో ఈ జానెడు మాట ఎక్కడా లేదు.

ఆ జానెడు దగ్గరే అసలు చిక్కు మొదలవుతుంది. మా పనిలో చోటు చెప్పడానికి గడియారం భాష వాడతాము. పేషెంటు తల 12 దగ్గర ఉందనుకుంటే, కుడిచేతి వాటం డాక్టరు 9 నుంచి 12 మధ్య, అసిస్టెంట్ 2 నుంచి 4 మధ్య కూర్చుంటారు. యంత్రం చేయి కూడా సహజంగా ఆ 4 వైపు నుంచే లోపలికి రావాలి, ఎందుకంటే నా వైపు నుంచి వస్తే నా మోచేతికి తగులుతుంది. కాబట్టి గరాటు వచ్చి ఆమె చూపుకీ పేషెంటు నోటికీ మధ్య నిలబడేది. దాన్ని తప్పించుకుని దవడ పళ్లు చూడడానికి ఆమె ఎడమ భుజం పైకెత్తి, మెడ పక్కకు వంచి, గంటల తరబడి అలాగే సక్షన్ పట్టుకునేది. మూడు వారాలకు మెడ పట్టేసింది. నేను అడిగితే "ఏం లేదు మేడమ్, సరిగా పడుకోలేదు" అంది. ఒక రూట్ కెనాల్ మధ్యలో సక్షన్ చిట్కా వణకడం చూసి పని ఆపి, ఆమె స్టూలు మీద నేను కూర్చుని చూశాను. పేషెంటు నోరు సగమే కనిపించింది. యంత్రం కొన్న రోజే ఆ స్టూలు మీద కూర్చుని చూడవలసింది.

యంత్రం గాలిని వదిలే కన్నాలు కింద, రెండు పక్కలా ఉన్నాయి. అరగంట నడిచాక ఆ గాలి వేడెక్కి నేరుగా ఆమె మోకాళ్లకు కొట్టేది. అప్పటి మార్గదర్శకాల ప్రకారం చికిత్స జరుగుతున్నప్పుడు సీలింగ్ ఫ్యాను వేయకూడదని ఉండేది. కిటికీలు తెరిచి ఉంచవలసి వచ్చేది కనుక ఏసీ కూడా దండగే. విజయవాడ జూన్ ఉక్కలో ప్లాస్టిక్ పీపీఈ కిట్ వేసుకున్న మనిషి కాళ్లకు వేడిగాలి తగిలితే ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. రోజు చివర కిట్ విప్పితే మడమల దగ్గర చెమట నిలిచి ఉండేది. ఎన్95 మాస్కు ముక్కు మీద ఎర్రని గాడి చేసింది, అక్కడ చర్మం చిట్లి పొలుసు కట్టింది. కిట్ విప్పితే మళ్లీ వేసుకోవడానికి కొత్తది తీయాలి కనుక అది వృథా అవుతుందని, మూత్రానికి వెళ్లవలసి వస్తుందని ఉదయం నుంచి మంచినీళ్లు తాగడం మానేసింది. జూలైలో మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వచ్చి నాలుగు రోజులు మంచం పట్టింది. కోవిడ్ నుంచి కాపాడుకుంటూ ఇంకో జబ్బు కొనితెచ్చుకున్నాము.

శబ్దం గురించి కొనేవారు తప్పక అడగాలి. ఫోను యాప్‌తో కొలిస్తే అసిస్టెంట్ చెవి దగ్గర 68 డెసిబెల్స్ చూపించింది. అది ఒక్కటే అయితే ఫరవాలేదు. ఎయిరోటార్ కూత, మామూలు సక్షన్ హోరు, పక్క గదిలో కంప్రెసర్ మోత కూడా కలిసి, నోటికి ఎన్95, దాని మీద షీల్డు అడ్డంగా ఉంటే, రెండడుగుల దూరంలోని మనిషి మాట వినపడదు. నేను అరిచేదాన్ని. ఆమె వినపడక ఒకటి అడిగితే ఇంకొకటి అందించేది. నేను విసుక్కునేదాన్ని. సాయంత్రానికి ఇద్దరికీ గొంతు బొంగురు, తలనొప్పి. వయసు మళ్లిన పేషెంట్లయితే ఆ హోరుకు మరింత బిగుసుకుపోయేవారు. చివరికి ఆమే ఒక దారి కనిపెట్టింది. రెండు వేళ్లు చూపితే దూది, పిడికిలి బిగిస్తే సక్షన్ ఆపడం, బొటనవేలు కిందికి తిప్పితే నీళ్లు, అరచేయి చాపితే అద్దం. వారం రోజులలో చేతిభాష కుదిరింది, అరుపులు ఆగాయి. యంత్రం పోయినా ఆ భాష మా క్లినిక్‌లో ఉంటుంది.

ఫిల్టరు మార్చడం గురించి మరింత నిదానంగా చెప్పాలి. పట్టుకున్నదంతా ఎక్కడికీ పోదు, ఫిల్టరులోనే ఉంటుంది. దాన్ని తీసేది డాక్టరు కాదు. అసిస్టెంటో, ఊడ్చే ఆయమ్మో. మాకు ఇచ్చిన పుస్తకంలో "ఆరు నెలలకు ఒకసారి మార్చవలెను" అని ఒక్క వాక్యం ఉంది. ఎవరు, ఏమేమి వేసుకుని, ఎలా మార్చాలో లేదు. మొదటిసారి గడువు వచ్చినప్పుడు నేను కంపెనీకి ఫోను చేస్తే మనిషిని పంపుతామన్నారు. ఐదు వారాలు ఎదురుచూసినా ఎవరూ రాలేదు. మేమే ఒక పద్ధతి పెట్టుకున్నాము. శనివారం సాయంత్రం ఆపిన యంత్రాన్ని మూడు రోజులు తెరవకుండా వదిలి, ఆ తరువాత పూర్తి రక్షణతో నేనే తీసి, రెండు పొరల పసుపు సంచిలో కట్టి వైద్య వ్యర్థాల బండికి ఇస్తాము. ఫిల్టరు మార్పు నా పని అని గోడ మీద రాసి పెట్టాను. హెపా ఫిల్టరు ధర మొదట 3,800 చెప్పారు, 2021 మేలో 6,500 అడిగారు. కొనేముందు యంత్రం ధర కంటే ఫిల్టరు ధర రాతపూర్వకంగా అడగడం ముఖ్యం.

మార్గదర్శకాలలోనే ఉన్న ఒక చౌక ఉపాయాన్ని చాలామంది పట్టించుకోలేదు, కొంతకాలం నేను కూడా. టేబులు ఫ్యాను డాక్టరు వెనుక పెట్టి గాలి పేషెంటు వైపు వీచేలా చూడాలని, పేషెంటుకు అవతల బలమైన ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టి గాలి ఒకే దిక్కున బయటికి పోయేలా చేయాలని అందులో రాశారు. ఆగస్టులో కిటికీ పై అద్దం తీయించి ఎగ్జాస్ట్ బిగించాము. మొత్తం ఖర్చు ఐదు వేలు దాటలేదు. ఆమె మోకాళ్ల వేడి, గది ఉక్క, మందు వాసన అన్నీ ఆ ఫ్యానుతోనే తగ్గాయి. తరువాత యంత్రాన్ని పేషెంటు పాదాల వైపు నుంచి, 6 దగ్గర నుంచి తెచ్చేలా జరిపి, దాని చేతికి అదనంగా ఒక కీలు లోకల్ వర్క్‌షాపులో వేయించాము. ఆమె మెడ నొప్పి తగ్గింది. ప్లాస్టిక్ కిట్ మాని గుడ్డ గౌను, ఎన్95, షీల్డుకు వచ్చాము. ఎన్95 మాస్కులు మనిషికి ఐదు చొప్పున ఇచ్చి, కాగితపు కవర్ల మీద సోమ, మంగళ అని వారాల పేర్లు రాసి, ఒక్కోటి వారానికి ఒకరోజే వాడేలా చేశాము. ప్రతి ఇద్దరు పేషెంట్లకు నడుమ పావుగంట ఖాళీ పెట్టాము. ఆ పావుగంటలో డాబా మీదికి వెళ్లి, మాస్కు తీసి, ఒక గ్లాసు నీళ్లు తాగి రావడం తప్పనిసరి. నేను చెప్పినా ఆమె తాగేది కాదు. నేను కూడా వెళ్లి తాగడం మొదలుపెట్టాకే తాగింది.

ఈ యంత్రం తీర్చలేనివి కూడా ఈ సమీక్షలో రాయకపోతే అబద్ధం చెప్పినట్టే. 2020 ఏప్రిల్, మే నెలలలో మా క్లినిక్‌కు రాబడి లేదు. ఇద్దరు అసిస్టెంట్లకూ ఆయమ్మకూ సగం జీతమే ఇచ్చాను. జూన్‌లో 62 వేలు పెట్టి యంత్రం కొన్నాను. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసినది ఆయమ్మ. ఏమీ అనలేదు, కానీ యంత్రం పెట్టెలోంచి తీస్తున్నప్పుడు ఆమె ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది. సెప్టెంబరుకల్లా మిగతా సగం జీతాలు ఇచ్చేశాను. ముందు అది ఇచ్చి, ఎగ్జాస్ట్ ఫ్యాను బిగించి, ఆ తరువాత యంత్రం కొని ఉంటే ఆ మూడు నెలలు వారికి కొంత తేలికగా గడిచేవి. అమెరికన్ డెంటల్ అసోసియేషన్ 2020 జూన్‌లో జరిపిన సర్వేలో అక్కడి డెంటిస్టులలో కోవిడ్ సోకినవారు ఒక శాతం లోపే అని తేలింది. సరైన మాస్కు, షీల్డు, ముందుగా పేషెంటును ఫోనులో అడగడం, నోట్లో సక్షన్, చేతులు కడగడం ఇవే ఎంతో కాపాడాయని నా నమ్మకం. గరాటు యంత్రం వాటి తరువాతి వరుసలో నిలబడుతుంది.

ఆరోగ్య సిబ్బందికి 2021 జనవరి 16న టీకాలు మొదలయ్యాక మేము నలుగురమూ వేయించుకున్నాము. గదిలో భయం సగం ఆ రోజే పోయింది. రెండవ దశలో, ఏప్రిల్ చివర, చిన్న అసిస్టెంట్‌కు కోవిడ్ వచ్చింది. ఇంట్లో ముందుగా తండ్రికి వచ్చింది కనుక క్లినిక్ నుంచి వచ్చిందని అనుకోలేము. మూడు వారాలు జీతంతో సెలవు ఇచ్చాము. మే, జూన్‌లలో కోవిడ్ తగ్గినవారు పై దవడ పళ్లు కదులుతున్నాయని, అంగిలి నల్లబడిందని రావడం మొదలైంది. బ్లాక్ ఫంగస్ అనుమానంతో వారిని వెంటనే పెద్దాసుపత్రికి పంపేవాళ్లం. ఆ అంగిలిని మొదటిసారి అద్దంలో చూసిన రోజు పెద్ద అసిస్టెంట్ సాయంత్రం వరకు మాట్లాడలేదు. అది మనిషి నుంచి మనిషికి అంటదని చెప్పాను, యంత్రం కూడా నడుస్తూనే ఉంది, కానీ ఆమె దిగులు అంటుకోవడం గురించి కాదు. ఆ పేషెంటుకు ఆమె తమ్ముడి వయసు. అటువంటి వేళ మాట్లాడడానికి మనిషి కావాలి. 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 నంబరు ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఆ నంబరు ఇప్పుడు మా ఆటోక్లేవ్ (పరికరాలను ఆవిరితో శుద్ధి చేసే యంత్రం) పైన గోడకు అంటించి ఉంది. అప్పట్లో ఉంటే బాగుండేది.

కొనదలచినవారికి నా మాట ఇది. రోజూ స్కేలింగులు, క్యాపుల పని ఎక్కువగా ఉండి, కిటికీ లేని గదిలో పనిచేసే క్లినిక్ అయితే కొనండి. గాలి వెలుతురు బాగా ఉన్న గదికి ఎగ్జాస్ట్, మంచి నోటి సక్షన్, సరిపడా ఎన్95లు ముందు చూసుకోండి. అమ్మేవాళ్లు వచ్చినప్పుడు అగరుబత్తి ఆర్పేయమని చెప్పి, మీ చెయిర్ దగ్గరే, మీ అసిస్టెంట్‌ను ఆమె స్టూలు మీద కూర్చోబెట్టి, గరాటును జానెడు దూరంలో నిలిపి అరగంట నడిపించండి. ఆమెకు నోరు పూర్తిగా కనిపిస్తోందా, మీ మాట వినిపిస్తోందా, వేడిగాలి ఎటు పోతోంది అన్నది ఆమెనే అడగండి. యంత్రం చేతికి కనీసం మూడు కీళ్లు లేనిదాన్ని, ఫిల్టరు ధర కాగితం మీద రాసివ్వని కంపెనీని వదిలేయండి. మేము కొన్నదానికి లాగే శక్తి వరకు ఐదుకు నాలుగు ఇస్తాను. పక్కన కూర్చునే మనిషి సుఖం వరకు, మేము కీలు వేయించి జరుపుకోక ముందు ఒకటి, ఇప్పుడు మూడు.

ఐదేళ్లలో మోటారు ఒకసారి కూడా మొరాయించలేదు, యూవీ దీపం ఒకసారి మార్చాము. ఇప్పుడు దీన్ని స్కేలింగులకూ, దగ్గు, జలుబుతో వచ్చినవారికి పని చేయవలసి వచ్చినప్పుడూ మాత్రమే నడుపుతున్నాము. ఎప్పుడు నడపాలన్నది పెద్ద అసిస్టెంట్ నిర్ణయం. గత నెల కొత్తగా చేరిన అమ్మాయికి గరాటు ఎక్కడ నిలపాలో ఆమే చూపించింది: పేషెంటు గడ్డానికి జానెడు దూరంలో, కన్నాలు మోకాళ్ల వైపు కాకుండా కిటికీ వైపు తిప్పి.